కోత మాది, పూచీ మీది

చెట్లు కొట్టే కంపెనీలు పని మొదలెట్టే ముందు మన చేత సంతకం పెట్టించుకునే వేవర్ ఫారానికి, అంటే 'ఏం జరిగినా మిమ్మల్ని నష్టపరిహారం అడగను' అని మనం రాసిచ్చే కాగితానికి, సాహిత్యంలో దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు. ఒక్క పేజీలో ఇంత వినయం, ఇంత వైరాగ్యం, ఇంత దైవభక్తి మరే రచనలోనూ కనిపించవు.

నమ్మకం కుదరకపోతే అదే కంపెనీ కరపత్రాన్ని పక్కన పెట్టి చదవండి. కరపత్రంలో వాళ్లు సర్వజ్ఞులు. ఏళ్ల తరబడి అనుభవం, శిక్షణ పొందిన నిపుణులు, ఎంత పెద్ద చెట్టయినా క్షేమంగా దించేస్తాం. ఫారం దగ్గరికొచ్చేసరికి ఆ జ్ఞానమంతా రాలిపోతుంది. మాను లోపల ఏముందో తెలియదు, గాలి ఎటు తిరుగుతుందో తెలియదు, కొమ్మ ఎక్కడ పడుతుందో తెలియదు, నేల కింద పైపులున్నాయో కేబుళ్లున్నాయో అసలే తెలియదు. మరి తెలిసినవాడెవడు? మనమే. 'చెట్టు స్థితిని స్వయంగా పరిశీలించి, ప్రమాదాలన్నీ పూర్తిగా అర్థం చేసుకున్నాను' అన్న వాక్యం కింద పడేది మన సంతకం. రంపం ఎటువైపు పట్టుకోవాలో తెలియని మనిషిని ఒక్క గీతతో వృక్షశాస్త్రవేత్తని చేసే కాగితం ఇది. ఏ యూనివర్సిటీకైనా ఇంత త్వరగా డిగ్రీ ఇవ్వడం చేతనవుతుందా?

నిజానికి చెట్టు పడగొట్టడం జ్యోతిషమేమీ కాదు. పడాల్సిన వైపు ముందు ఒక గాటు పెడతారు. తర్వాత వెనక నుంచి కోసుకుంటూ వస్తారు. రెండు కోతలకీ మధ్య, మాను అడ్డుకొలతలో దాదాపు పదో వంతు మందాన చెక్కను కొయ్యకుండా వదిలేస్తారు. తలుపుకి బందు ఎలాగో, ఒరిగే చెట్టుకి ఆ పట్టీ అలాగ. అది పుచ్చిపోయి ఉంటే చెట్టు తన ఇష్టమొచ్చిన దిక్కున పడుతుంది. అందుకే పనితెలిసినవాడు ముందు సుత్తితో మాను మీద తట్టి, డొల్లగా మోగుతోందా అని చెవి పెట్టి వింటాడు. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు మొలిచాయేమో వంగి చూస్తాడు. ఫారం రాసినాయనకి ఇవన్నీ తెలుసు. తెలుసు కాబట్టే 'కంటికి కనిపించని పుచ్చు' అని అంత జాగ్రత్తగా రాశాడు. మాను చుట్టూ అట్టలు అట్టలుగా పుట్టగొడుగులు లేచి ఉన్నా, వాటి మీదే కాగితం ఆనించి మన సంతకం తీసుకున్నా, పుచ్చు మాత్రం కంటికి కనిపించనిదే.

సంతకానికి ఎంచుకునే ముహూర్తం కూడా మెచ్చుకోదగ్గదే. తాళ్లు కట్టేశారు, మనిషి పైకెక్కేశాడు, కింద యంత్రం రొద చేస్తోంది. అప్పుడు వస్తుంది అట్టకి క్లిప్పుపెట్టిన కాగితం. చదువుతానంటే పైనున్నవాడు మన వంక జాలిగా చూస్తాడు.

ఇక దైవభక్తి సంగతి. కొమ్మ అనుకున్న చోట పడితే అది కంపెనీ నైపుణ్యం. కారు మీద పడితే దైవ ఘటన. దేవుడికి ఈ వ్యాపారంలో నష్టాల్లో మాత్రమే వాటా ఉందన్నమాట.

చాలామంది గమనించని ఇంకో అందం ఉంది. 'నాకు నష్టం జరిగితే మిమ్మల్ని అడగను' అనేది ఒక వాక్యం. 'ఇంకెవరైనా మిమ్మల్ని అడిగితే వాళ్లకీ నేనే కడతాను' అనేది దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో నక్కి ఉండే మరో వాక్యం. మొదటిది మంచితనం. రెండోదాన్ని ఇండెమ్నిటీ అంటారు, అక్కడ మనం దానకర్ణులం. పక్కింటాయన ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కాబట్టి, ఆయన గోడ కూలితే ఆయన హక్కు ఆయనకి భద్రంగా ఉంటుంది. ఈ లోటు పూడ్చడానికి నాదొక సూచన. కోత రోజున ఆ దారిన పోయే ప్రతి మనిషి చేతా సంతకం పెట్టించాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం లోపల కోసేవాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదన్నది ఈ పనిలో ఉన్న నియమం. అంత మేర తాడు కట్టి జనాన్ని ఆపడం కంటే కాగితాలు పంచడం తేలిక.

విచారకరమైన విషయమేమిటంటే, కోర్టులకి ఈ సాహిత్యం పట్ల రసజ్ఞత లేదు. జరగబోయే గాయానికి ముందే రాయించుకున్న మాఫీ చెల్లదని అమెరికాలో వర్జీనియా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1890లోనే తేల్చేసింది. వ్యాపారి నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా ఆ బాధ్యతని కాగితంతో వదిలించుకోవడానికి వీల్లేదని బ్రిటన్ 1977లో చట్టం చేసింది. మామూలు పొరపాట్లకి వేవర్‌ని ఒప్పుకునే చోట్ల కూడా, ఘోరమైన నిర్లక్ష్యం దగ్గరికొచ్చేసరికి సాధారణంగా చెల్లదు పొమ్మంటారు. మాటలో రెండర్థాలుంటే రాసినవాడికి వ్యతిరేకంగా ఉన్న అర్థమే తీసుకుంటారు. పాపం, అంత కష్టపడి రాసినందుకు ఇదా బహుమానం!

'బరువైన బండి ఎక్కితే వాకిలి నేల పగలొచ్చు, భూమిలో పైపులుంటే ముందే చెప్పండి' అని ఉన్నదున్నట్టు రాసే కంపెనీలూ లేకపోలేదు. వాళ్ల ఫారాల్లో కవిత్వం ఉండదు, వదిలేద్దాం.

వాళ్లకంటే ఘోరం, 'మీ ఇన్సూరెన్స్ కాగితం చూపించండి' అని అడిగే కస్టమర్లు. అందులో ఏముంటుంది? పాలసీ నంబరు, గడువు తేదీ, ఎంత నష్టం వరకు కడతారన్న అంకె. శైలి శూన్యం. ఫొటో చూపించినా తృప్తిపడక, నేరుగా బీమా సంస్థకే ఫోన్ చేసి, పాలసీ అమల్లో ఉందా, పనివాడు చెట్టు మీంచి పడితే వర్తిస్తుందా అని ఆరా తీసే అరసికులు కూడా ఉన్నారు.

నా వంతు సాహిత్య సేవగా నేనూ ఒక ఫారం తయారుచేశాను. 'కస్టమర్ ఖాతాలో డబ్బు ఉన్నదీ లేనిదీ బయటి నుంచి చూసి చెప్పడం అసాధ్యమని కంపెనీవారు పూర్తిగా అర్థం చేసుకున్నారు. బిల్లు సొమ్ము ఎప్పుడు, ఎంత, ఎవరి ఖాతాలో పడుతుందో ముందుగా ఊహించలేము. చెక్కు వెనక్కి వస్తే దానిని దైవ ఘటనగా పరిగణించవలెను.' అక్షరాలు కాస్త చిన్నవే. మనిషి సగం చెట్టెక్కాక పైకి అందిస్తాను, తీరిగ్గా చదువుకుని సంతకం పెట్టమని.