సవరణ: రెండు ర్యామ్‌లు ఏ స్లాట్లలో పెట్టాలి

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకునేవారి కోసం కిందటి వారం రాసినప్పుడు, నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో రెండు ర్యామ్‌లను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి 1, 3 స్లాట్లలో పెట్టమన్నాను. అది తప్పు. ఎక్కువ బోర్డులలో 2, 4 స్లాట్లే, అంటే ఏ2, బీ2 అని గుర్తు ఉన్నవే వాడాలి. 1, 3లో పెట్టినా డ్యూయల్ ఛానల్, అంటే రెండు ర్యామ్‌లతో ఒకేసారి డేటా మార్పిడి జరిగే పద్ధతి, పనిచేస్తుంది కానీ, సిగ్నల్ దారి చివరన ఖాళీ స్లాటు మిగిలిపోవడం వల్ల ర్యామ్ తన పూర్తి వేగాన్ని నిలకడగా అందుకోలేకపోవచ్చు. నా మాట నమ్మి అలా బిగించినవారు క్షమించాలి. మార్చేముందు ప్లగ్గు తీసేసి, ర్యామ్ అంచున మధ్యకు కాస్త పక్కగా ఉండే గాటును స్లాటులోని గట్టుతో సరిచూసుకుని, కొక్కెం టక్కుమని పడేవరకు రెండు చివర్లా సమానంగా నొక్కండి. మాన్యువల్‌లో వేరే క్రమం ఉంటే దానినే పాటించండి.