‘సెప్టెంబర్’ ఒక్కటే కాదు: ఎర్త్, విండ్ అండ్ ఫైర్ మీద తిరుగుతున్న మాటలకు జవాబు

ఏటా సెప్టెంబర్ 21 వచ్చిందంటే ఫోన్లలో ఒకటే పాట మోగుతుంది. అమెరికన్ బ్యాండ్ ఎర్త్, విండ్ అండ్ ఫైర్ పాడిన ‘సెప్టెంబర్’. రీల్స్, స్టేటస్‌లు, ఫార్వర్డులు అన్నీ అదే. అందులో నాకు అభ్యంతరం లేదు, ఆ పాట నాకూ ఇష్టమే. బాధంతా దాని వెనకాలే వచ్చే వ్యాఖ్య గురించి. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారాంశం ఇదీ: ఇది డిస్కో మోజులో పుట్టిన డిస్కో బ్యాండ్, చెప్పుకోదగ్గ పాట ఒక్కటే చేసింది, ఆ పాటలోనూ మాటలకు అర్థం లేదు, డిస్కో పోగానే బ్యాండ్ కూడా పోయింది, అసలు అది బ్యాండే కాదు, మారిస్ వైట్ అనే ఒక్క మనిషి స్టూడియోలో తయారుచేసిన సరుకు.

ఇన్నేళ్లుగా ఈ రికార్డులు వింటున్నవాణ్ణి. ఇవి చదివి ఊరుకోలేకపోతున్నాను. ఒక్కొక్కటే తీసుకుంటాను. కొన్నింటిలో పిసరంత నిజం ఉంది, దాన్నీ దాచను.

ముందు డిస్కో సంగతి. మారిస్ వైట్ 1941లో మెంఫిస్‌లో పుట్టారు. షికాగోలోని చెస్ రికార్డ్స్ కంపెనీలో సెషన్ డ్రమ్మర్‌గా, అంటే ఇతరుల రికార్డింగులకు వాయించే డ్రమ్మర్‌గా, పనిచేశారు. తర్వాత జాజ్ పియానిస్ట్ రామ్జీ లూయిస్ ట్రయోలో డ్రమ్స్ వాయించారు. కలింబా ఆయన చేతికి వచ్చింది ఆ రోజుల్లోనే. చెక్క మీద సన్నటి లోహపు పుల్లలు బిగించి, రెండు బొటనవేళ్లతో మీటే ఆఫ్రికా వాద్యం అది. 1969లో షికాగోలో ‘సాల్టీ పెప్పర్స్’ పేరుతో ఒక బృందం కట్టి, తర్వాత లాస్ ఏంజెలెస్ చేరి పేరు మార్చారు. తన జాతకంలో భూమి, గాలి, నిప్పు రాశులున్నాయి, నీటి రాశి లేదు. ఆ లెక్క మీదే ఎర్త్, విండ్ అండ్ ఫైర్ అని పెట్టారు. పంచభూతాల్లో మూడు, అదీ జాతకం చూసి పెట్టిన పేరు. మన తెలుగువాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

1971లో వార్నర్ బ్రదర్స్ కంపెనీకి రెండు ఆల్బమ్‌లు చేశారు. మెల్విన్ వాన్ పీబుల్స్ సినిమా ‘స్వీట్ స్వీట్‌బ్యాక్’కు సంగీతం వాయించింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత మారిస్, ఆయన తమ్ముడు వెర్డైన్ తప్ప అందరూ వెళ్లిపోయారు. 1972లో కొలంబియా కంపెనీలో కొత్త మనుషులతో మళ్లీ మొదలుపెట్టారు. డెన్వర్ నుంచి గాయకుడు ఫిలిప్ బెయిలీ, కీబోర్డ్స్ మీద లారీ డన్ వచ్చింది అప్పుడే. 1973 నాటి ‘హెడ్ టు ద స్కై’ ఆల్బమ్‌లో చివరి ట్రాక్ ‘జాంజిబార్’ దాదాపు 13 నిమిషాలు ఉంటుంది. బ్రెజిల్ సంగీతకారుడు ఎడూ లోబో కట్టిన బాణీ. అందులో సాక్సోఫోన్, గిటార్, తాళవాద్యాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లి మళ్లీ ఒక చోట కలుస్తారు. దాన్ని విన్నవాళ్లు ఎవరూ దీన్ని డిస్కో బ్యాండ్ అనరు.

డిస్కో రికార్డులు అమెరికా పాప్ చార్ట్‌లో మొదటి స్థానానికి రావడం 1974 వేసవిలో మొదలైంది. అప్పటికే ఈ బ్యాండ్ ఐదు స్టూడియో ఆల్బమ్‌లు చేసేసింది. డిస్కో మోజులో పుట్టడమెలా కుదురుతుంది?

తేదీల మాట అలా ఉంచి, చెవితో వినండి. డిస్కోలో కిక్ డ్రమ్ నాలుగు బీట్లలో ప్రతి దాని మీదా సమానంగా పడుతుంది. డాన్స్ ఫ్లోర్ మీద అడుగు తప్పకుండా ఉండడానికి, డీజే ఒక రికార్డులోంచి ఇంకో రికార్డులోకి తేలిగ్గా జారడానికి అది పనికొస్తుంది. ఈ బ్యాండ్ వాయించే ఫంక్ లెక్క వేరు. మొదటి దెబ్బ బరువుగా పడుతుంది, ఆ తర్వాత వచ్చే ఖాళీల్లో బేస్, గిటార్, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు) ఒకరి మాటకు ఒకరు బదులిస్తుంటారు. 1975లో వచ్చిన ‘షైనింగ్ స్టార్’ పెట్టుకుని వేలితో టేబుల్ మీద నాలుగు బీట్లు కొట్టి చూడండి. పాటలోని అసలు సరదా అంతా మీ వేలు పడని చోట్లే ఉంటుంది. చివర్లో వాద్యాలన్నీ ఆగిపోయి గొంతులు మాత్రమే మిగులుతాయి. చివరికి ఆ గొంతుల చుట్టూ ఉన్న ప్రతిధ్వని కూడా పోయి, పాడేవాళ్లు మన చెవి పక్కకే వచ్చి నిలబడ్డట్టు అవుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చోట నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇందులో నిజం కూడా ఉందన్నాను కదా. 1979లో ‘ద ఎమోషన్స్’ బృందంతో కలిసి చేసిన ‘బూగీ వండర్‌ల్యాండ్’ నిఖార్సయిన డిస్కో. ‘సెప్టెంబర్’లో కూడా ఆ రంగు ఉంది. కానీ ‘బూగీ వండర్‌ల్యాండ్’ ఉన్న ‘ఐ యామ్’ ఆల్బమ్‌లోనే ‘ఆఫ్టర్ ద లవ్ హ్యాజ్ గాన్’ కూడా ఉంది. అది నిదానంగా నడిచే పాట. శ్రుతి మారుతూ మారుతూ పోతుంది. ప్రేమ ఎక్కడ చేజారిందో వెతుక్కునే మనిషి తడబాటు ఆ మార్పుల్లోనే వినిపిస్తుంది. ఒక పాటను బట్టి డిస్కో బ్యాండ్ అంటే, ఇంకో పాటను బట్టి ఏమనాలి?

రెండోది, ఒక్క పాట మాట. చాలామందికి తెలియని విషయం చెబుతాను. ‘సెప్టెంబర్’ ఈ బ్యాండ్ స్టూడియో ఆల్బమ్‌లు వేటిలోనూ లేదు. 1978 చివర్లో వచ్చిన ‘బెస్ట్ ఆఫ్’ సంకలనంలో పాత పాటల పక్కన కొత్తగా చేర్చిన పాట అది. అంటే ‘సెప్టెంబర్’ ఒక్కటే విన్నవాళ్లు ఈ బ్యాండ్ ఆల్బమ్ ఒక్కటి కూడా ఇంకా తెరవలేదన్నమాట. అంతకు ముందే ఒక ‘బెస్ట్ ఆఫ్’ వేయడానికి సరిపడా హిట్లు ఉన్నాయని కూడా దాంతోనే తెలుస్తోంది. అమెరికా ప్రధాన పాప్ చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో ‘సెప్టెంబర్’ చేరింది 8వ స్థానానికి. ఆ చార్ట్‌లో వీళ్లకు నంబర్ వన్ తెచ్చిన పాట మూడేళ్ల ముందు వచ్చిన ‘షైనింగ్ స్టార్’.

ఆ పాట ఉన్న ఆల్బమ్ ‘దట్స్ ద వే ఆఫ్ ద వరల్డ్’ ఎలా బయటికొచ్చిందో చెప్పాలి. అదే పేరుతో ఒక సినిమా తీశారు, రికార్డు కంపెనీల లోగుట్టు మీద. హార్వీ కైటెల్ నటించారు, ఈ బ్యాండ్ కూడా తెర మీద కనిపిస్తుంది. సినిమా ఆడదని బ్యాండ్‌కు ముందే అర్థమైపోయింది. సినిమాతో పాటు పాటలూ మునిగిపోతాయన్న టెన్షన్‌తో ఆల్బమ్‌ను ముందుగా విడుదల చేయించుకున్నారు. సినిమా పోయింది. ఆల్బమ్ నంబర్ వన్ అయింది. అందులో టైటిల్ పాట, ‘రీజన్స్’, ‘ఆఫ్రికానో’, ‘హ్యాపీ ఫీలిన్’ ఉన్నాయి. తీసెయ్యొచ్చు అనిపించే ట్రాక్ నాకైతే ఒక్కటీ దొరకదు.

1977 చివర్లో ‘ఆల్ ఎన్ ఆల్’ వచ్చింది. నన్నడిగితే వీళ్ల రికార్డులన్నిట్లో ఇదే శిఖరం. దానికి ముందు మారిస్ వైట్ దక్షిణ అమెరికా తిరిగి వచ్చారు. బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంటో బాణీ ‘పొంటా డి అరేయా’ను చిన్న బిట్‌గా పాటల మధ్య అల్లారు. పాటకీ పాటకీ మధ్య వచ్చే ఈ చిన్న చిన్న బిట్ల వల్ల ఆల్బమ్ మొత్తం ఒకే ఊపిరిలో నడుస్తుంది. అందుకే షఫుల్‌లో పెట్టి వింటే దాని అసలు రుచి పోతుంది. ‘ఫాంటసీ’ అందులోదే. ‘రన్నిన్’ అనే వాద్య ప్రధానమైన ట్రాక్‌కు గ్రామీ వచ్చింది.

మూడోది, అర్థం లేని మాటలు. ‘సెప్టెంబర్’ పల్లవిలో వచ్చే ‘బా-డి-యా’కు అర్థం లేదన్నది నిజమే. ఆ పాటను మారిస్ వైట్, గిటారిస్ట్ అల్ మెకే, గేయరచయిత్రి అలీ విల్లిస్ కలిసి కట్టారు. ఆ చోట సరైన మాటలు పెడదామని అలీ విల్లిస్ పట్టుబట్టారు, మారిస్ ఒప్పుకోలేదు. గ్రూవ్‌కు, అంటే పాట ఊపుకు, మాట అడ్డు రాకూడదన్నది ఆ రోజు తాను నేర్చుకున్న పాఠమని తర్వాత ఆమే చెప్పారు. మన పాటల్లో ‘తందాన తాన’కు, ‘లాలిజో’కు నిఘంటువు తిరగేస్తామా? ఆ గొంతు, ఆ ఊపు చాలు కదా. పైగా ‘సెప్టెంబర్’ పల్లవిలో కార్డ్‌ల (కలిపి మోగే స్వరాల) వరుస ఎక్కడా పూర్తిగా ఇల్లు చేరదు, ముందుకే దొర్లుతూ ఉంటుంది. పాట అయిపోకూడదని అనిపించడానికి ఒక కారణం అదే.

కానీ ఆ ఒక్క ‘బా-డి-యా’ చూసి మొత్తం బ్యాండ్‌కు చెప్పడానికేమీ లేదనడం అన్యాయం. ‘ఆల్ ఎన్ ఆల్’లో మొదటి పాట ‘సర్పెంటైన్ ఫైర్’. పాము వంటి నిప్పు. కుండలిని గురించిన పాట అది, వెన్నెముకలో చుట్టచుట్టుకుని పడుకున్న శక్తి పైకి లేవడం గురించి. మారిస్ వైట్ మన దేశపు యోగ భావనలను చదువుకున్న మనిషి. 1977లో అమెరికా సోల్ (నల్లజాతి సంగీతం) చార్ట్‌లో నంబర్ వన్ అయిన పాటలో కుండలిని ఉందని మన దగ్గర ఎంతమందికి తెలుసు? ‘బూగీ వండర్‌ల్యాండ్’ మాటలు కూడా శ్రద్ధగా వినండి. పైకి గంతులేయించే ఆ పాటలో ఉన్నది ఒంటరితనాన్ని మరిచిపోవడానికి రాత్రంతా డాన్స్ హాల్లో గడిపే మనుషుల దిగులు. ‘రీజన్స్’ సంగతి మరీను. పెళ్లిళ్లలో ప్రేమగీతంగా వేస్తారు. నిజానికి అది ఒక్క రాత్రి సంబంధం గురించిన పాట, తెల్లారితే ఏమీ మిగలదని తెలిసినవాడు పాడేది. పెళ్లిళ్లలో దాన్ని ఎందుకు వేస్తారో అని ఫిలిప్ బెయిలీయే ఆశ్చర్యపోయారు.

నాలుగోది, డిస్కోతో పాటే పోయిందన్న మాట. 1979 జూలై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో డీజే డిస్కో రికార్డుల గుట్టను పేల్చేశాడు. జనం మైదానంలోకి దూకి చేసిన విధ్వంసానికి ఆ రోజు జరగాల్సిన రెండో ఆట రద్దయింది. ఆ రోజు అక్కడ పనిచేసి, తర్వాత హౌస్ అనే డాన్స్ సంగీతంలో పేరు తెచ్చుకున్న విన్స్ లారెన్స్ ఒక మాట చెప్పారు. జనం తెచ్చిన వాటిలో డిస్కోతో సంబంధమే లేని నల్లజాతి కళాకారుల రికార్డులు కూడా ఉన్నాయట. మారిస్ వైట్ డ్రమ్మర్‌గా ఎదిగిన ఊరే అది. నల్లవాళ్లు చేసిన ప్రతి సంగీతాన్నీ ‘డిస్కో’ అని ఒకే సంచిలో పడేసే అలవాటు ఎంత పాతదో, ఎంత కోపంతో వచ్చిందో తెలిశాక, ఈ రోజు ఫార్వర్డులో ఆ మాట చూస్తే నాకు మామూలుగా అనిపించదు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1981లో, ‘లెట్స్ గ్రూవ్’ వచ్చింది. హాట్ 100లో 3వ స్థానం, సోల్ చార్ట్‌లో నంబర్ వన్. అంతకు ముందు ఏడాది ‘ఫేసెస్’ అనే డబుల్ ఆల్బమ్ చేశారు. 1983 నాటి ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’ సరిగ్గా ఆడలేదు, దాని తర్వాత కొన్నేళ్లు బ్యాండ్ ఆగిపోయింది. అది వాస్తవం. 1987లో ‘టచ్ ద వరల్డ్’తో తిరిగి వచ్చారు. 2016లో మారిస్ వైట్ పోయారు.

ఇక చివరిది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది. ఇదంతా ఒక్కడి స్టూడియో పనితనమట. మారిస్ నాయకుడే, ప్రొడ్యూసరే, సందేహం లేదు. 1979 నుంచి బయటి గేయరచయితలు, సెషన్ వాద్యకారులు పెరిగారు, అదీ నిజమే. కానీ గిటార్ మీద అల్ మెకే కుడిచేతి మీటులు తీసేస్తే ‘సెప్టెంబర్’ ఎక్కడుంది? వెర్డైన్ బేస్ తీసేస్తే? ఇంకో తమ్ముడు ఫ్రెడ్ వైట్ డ్రమ్స్ తీసేస్తే? చార్లెస్ స్టెప్నీ పేరు ఈ ఫార్వర్డులు రాసేవాళ్లు ఎప్పుడైనా విన్నారా? చెస్ రికార్డ్స్ రోజుల నుంచీ మారిస్‌కు తోడు. ‘దట్స్ ద వే ఆఫ్ ద వరల్డ్’కు సహ నిర్మాత. బ్రాస్‌ను, వయొలిన్లను, గొంతులను ఒకదాని మీద ఒకటి పేర్చిన అరేంజర్. 1976 మేలో, 45 ఏళ్లకే పోయారు. ఆ ఏడాది వచ్చిన ‘స్పిరిట్’ ఆల్బమ్‌ను ఆయనకే అంకితమిచ్చారు.

స్టూడియో సరుకు అనేవాళ్లకు ‘గ్రాటిట్యూడ్’ వినిపించాలి. 1975 చివర్లో వచ్చిన డబుల్ ఎల్పీ, నాలుగు వైపుల్లో మూడు కచేరీల్లో రికార్డు చేసినవే. అది కూడా నంబర్ వన్ అయింది. అందులోని ‘రీజన్స్’ స్టూడియో పాటకన్నా చాలా దూరం వెళ్తుంది. సగం దాటాక డాన్ మైరిక్ సాక్సోఫోన్ అందుకుంటాడు. ఫిలిప్ బెయిలీ ఫాల్సెట్టోలో, అంటే సన్నటి పై గొంతులో, ఒక స్వరం ఎత్తితే మైరిక్ దాన్ని పట్టుకుని ఇంకాస్త పైకి తీసుకెళ్తాడు, బెయిలీ మళ్లీ దాన్ని దాటతాడు. జనం అరుపులు ఆగవు. అంతలో బెయిలీ పాడడం మధ్యలో మైరిక్‌ను చూపించి, ఎంత అందంగా వాయిస్తున్నాడో మీరూ ఒప్పుకుంటారు కదా అని జనాన్ని అడుగుతాడు. ఆ అడగడం కూడా పాటలోనే, శ్రుతిలోనే.