స్క్రూజ్‌ని మార్చింది చావు భయం కాదు

చార్లెస్ డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కారల్’ 1843 డిసెంబర్ 19న లండన్‌లో వెలువడింది. తొలి ముద్రణ 6,000 ప్రతులు క్రిస్మస్ ముందురోజుకే అయిపోయాయి. ధర 5 షిల్లింగులు. కథలో పిసినారి వ్యాపారి స్క్రూజ్ దగ్గర గుమాస్తా అయిన బాబ్ క్రాచిట్‌కి వారానికి వచ్చేది 15 షిల్లింగులే.

దెయ్యాలు వచ్చి పిసినారి స్క్రూజ్‌ని భయపెట్టి మార్చాయన్నది ఈ కథ గురించి ఎక్కువగా వినబడే మాట. పుస్తకం దగ్గర పెట్టుకుని చదివితే ఆ మాట నిలబడదు. వచ్చిన నాలుగింటిలో ఒకటి దారిలో దీవెనలు చల్లుతుంది, అంతే; స్క్రూజ్ చేయాల్సిన సాయాన్ని ఒక్కటీ చేసిపెట్టదు. అతనికి చూపించడం వరకే వాటి పని.

మొదట వచ్చేది ఏడేళ్ల కిందట పోయిన వ్యాపార భాగస్వామి మార్లీ. అతని నడుముకి చుట్టుకున్న గొలుసంతా డబ్బు పెట్టెలు, తాళాలు, తాళంచెవులు, లెక్కల పుస్తకాలు, దస్తావేజులే. అతను కిటికీలోంచి వెళ్లిపోయాక స్క్రూజ్ బయటికి చూస్తాడు. ఆకాశం నిండా అలాంటి ఆత్మలే. తెల్ల వెయిస్ట్‌కోటు వేసుకున్న ఒక ముసలాయన చీలమండకి పెద్ద ఇనప్పెట్టె వేలాడుతోంది. కింద ఒక గుమ్మం ముందు పసిబిడ్డతో ఉన్న పేదరాలికి ఏమీ చేయలేక ఆయన ఏడుస్తున్నాడు. మంచి చేయాలని ఇప్పుడు ఉంది, ఆ శక్తి మాత్రం శాశ్వతంగా పోయింది: వాళ్ల శిక్షేమిటో డికెన్స్ తేటగా చెప్పేశాడు. కథకి పునాది ఇదే. చేయగలిగేది బతికున్నవాడే.

గతాన్ని చూపించే ఆత్మ స్క్రూజ్ గుండెని కాస్త మెత్తబరుస్తుంది. అసలు పని జరిగేది వర్తమానపు ఆత్మ దగ్గర. క్రాచిట్ జబ్బు కొడుకు టైనీ టిమ్ బతుకుతాడా అని స్క్రూజ్ తనంతట తానే అడుగుతాడు. చివరి ఆత్మ చూపించబోయే తన సమాధి రాయి అతనికింకా కనబడలేదు, కాబట్టి ఈ ప్రశ్న భయంతో వచ్చింది కాదు. చావాలనుంటే చావనీ, అదనపు జనాభా తగ్గుతుంది కదా అని జవాబొస్తుంది. చందా అడిగిన పెద్దమనుషులతో ముందురోజు స్క్రూజ్ అన్న మాటే అది. 1834 పేదల చట్టం తర్వాత వర్క్‌హౌస్‌లని (దిక్కులేని పేదల్ని ఉంచి పని చేయించే కఠినమైన ఆశ్రయాలని) సమర్థించినవాళ్ల వాదమూ అదే.

తర్వాత ఆ ఆత్మ అంగీ కిందినుంచి ఎండిపోయిన ఇద్దరు పిల్లలు బయటికొస్తారు. పిల్లాడు అజ్ఞానం, పిల్ల లేమి. వీళ్లకి దిక్కు లేదా అని స్క్రూజ్ అడిగితే, జైళ్లు లేవా, వర్క్‌హౌస్‌లు లేవా అని మళ్లీ అతని మాటలే వినిపిస్తాయి. 1843 సెప్టెంబర్‌లో డికెన్స్ లండన్ ఫీల్డ్ లేన్‌లోని నిరుపేద పిల్లల బడిని చూశాడు. బాలకార్మికుల మీద సర్కారు నివేదిక వచ్చిందీ ఆ ఏడాదే. కరపత్రం రాద్దామనుకుని, మానుకుని ఈ కథ రాశాడు. అందుకే నాటకాలకి, సినిమాలకి కుదించేటప్పుడు ఈ ఇద్దరు పిల్లల్ని తీసేస్తే పుస్తకం ప్రాణం తీసినట్టే.

నల్ల ముసుగులో వచ్చే చివరి ఆత్మ నోరు విప్పదు, చేత్తో చూపిస్తుంది. ఇవి జరిగి తీరేవా, జరగగలిగేవి మాత్రమేనా అని అడిగినా జవాబివ్వదు. ఆ జవాబు స్క్రూజ్ చేతలోంచే రావాలి. తెల్లవారగానే క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీ కోడి పంపిస్తాడు. మర్నాడు అతని జీతం పెంచుతానంటాడు. ఈ రెంటి మధ్య, చందా ఇవ్వకుండా తాను తిప్పిపంపిన పెద్దమనిషి వీధిలో ఎదురైతే, ఇవ్వబోయే చందా పెద్ద మొత్తమే చెవిలో చెప్తాడు. ఆయన నమ్మలేకపోతే, అందులో పాత బకాయిలు చాలా ఉన్నాయంటాడు.