చదవడం వచ్చేసిందని చదివి వినిపించడం మానేయకండి

"వాడికి చదవడం వచ్చేసింది కదా, ఇంకా మనమెందుకు చదివి వినిపించడం?" ఈ మాట ఎప్పుడు విన్నా ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లాడు అప్పుడప్పుడే కూడబలుక్కుని నాలుగు మాటలు చదువుతుంటాడు. సరిగ్గా అప్పుడే పుస్తకం వాడి చేతిలో పెట్టి "ఇక నువ్వే చదువుకో" అని మనం లేచిపోతాం.

ఆరేళ్ల పిల్లలకు చెవికి అందే కథ వేరు, కంటికి అందే కథ వేరు. పెద్ద పెద్ద సాహసాలు నోరు తెరుచుకుని వినే పిల్ల, సొంతంగా చదవాల్సి వస్తే "ఇది బంతి, అది ఇల్లు" దగ్గరే ఉంటుంది. మనం ఆపేస్తే ఆ బంతీ ఇల్లూ మాత్రమే మిగులుతాయి. పుస్తకమంటే విసుగు పుట్టక ఏం చేస్తుంది?

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లోనే ఈ విషయాన్ని గుణకారంలా చెప్పారు. అక్షరాలను మాటగా పలకగలగడం ఒకటి, విన్న భాష అర్థం కావడం ఇంకొకటి. రెండింటినీ హెచ్చిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. తెలుగులో ఈ రెండో భాగం మరీ ముఖ్యం. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, పుస్తకాల్లో కనిపించేది కొంచెం వేరు. "అంతట", "ఒకానొక" లాంటివి ఎన్నడూ చెవిన పడకపోతే, అక్షరం అక్షరం కూర్చుకుని పలికినా అది ఏ మాటో పిల్లకు తట్టదు.

అలాగని అక్షరాలను గాలికొదలమనడం లేదు. మా అమ్మాయికి ఐదున్నరప్పుడు ఒక కథ గడగడా చదివేస్తుంటే మురిసిపోయాను. తర్వాత వేలు చూశాను. నోరు "కుందేలు పరుగెత్తుకుంటూ వచ్చింది" అని వాక్యం ముగించేసింది, వేలు ఇంకా "కుందేలు" మీదే ఉంది. విని విని కంఠతా వచ్చేసిందన్నమాట! మర్నాడు బొమ్మను చేత్తో మూసి, "పరుగు" అని విడిగా రాసి చూపిస్తే "వరుగు" అంది. ప, వ పక్కపక్కన రాసి తలకట్టు చూపించాను. అంటుకుని ఉంటే వ, విడిగా ఉంటే ప. ఆ పూటకి అంతే. గుణింతాలన్నీ ఏకరువు పెట్టించలేదు.

చదువుతూ పిల్ల ఆగిన మరుక్షణం అందించేస్తాం చూడండి, అది తగ్గించుకోవాలి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలాసార్లు తనే పట్టుకుంటుంది. లేదంటే మాట చెప్పేసి ముందుకు సాగండి, కథ చల్లారిపోకూడదు. మనం చదివేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి "ఇప్పుడేం చేస్తుందంటావ్?" అని అడగాలి. ఆ జవాబులో తప్పొప్పులుండవు. వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం 1988లో ఇలా మాట్లాడిస్తూ చదివే పద్ధతిని చిన్నపిల్లల తల్లిదండ్రులకు నేర్పి చూస్తే, ఆ పిల్లల మాట తీరు మెరుగుపడింది.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగానే అంటాను. ఇంటికొచ్చిన వాళ్ల ముందు పిల్లల్ని నిలబెట్టి "ఏదీ, చదివి చూపించు" అనకండి. ఒక మాట తడబడితే నలుగురూ నవ్వుతారు. ఆ పిల్ల మొహం ఎలా చిన్నబోతుందో ఒక్కసారి చూడండి. ఆ పుస్తకాన్ని మళ్లీ ఏ మనసుతో తెరుస్తుంది?

మా అమ్మాయికిప్పుడు ఎనిమిది. సొంతంగా బాగానే చదువుతుంది. అయినా రోజూ పడుకునే ముందు పది నిమిషాలు నేనే చదువుతాను. నిన్న నిద్రమత్తులో ఒక లైను దాటేశాను. "అమ్మా, ఇది వదిలేశావ్" అంటూ సరిగ్గా ఆ లైను మీద వేలు పెట్టింది.