గీత గీయకుండానే తాళమా?

కోఠిలో మందుల షాపు ముందు బండి ఆపి, చీటీ చూపించి, చిల్లర తీసుకుని బయటికొచ్చేసరికి చక్రానికి తాళం పడి ఉంటుంది. ఒక్కోసారి బండే ఉండదు. 'ఇప్పుడే ఎత్తుకుపోయారు సార్' అంటాడు పక్క కొట్టతను. ఏ ఠాణాకో అతనికీ తెలియదు. హైదరాబాద్‌లో పాత బజార్లకు పోయేవారికి ఈ టెన్షన్ కొత్త కాదు.

అడ్డదిడ్డంగా బండ్లు పెట్టేవారిని వెనకేసుకొచ్చే ఉద్దేశం మాకు లేదు. ఆసుపత్రి గేటుకు అడ్డంగా కారు వదిలి అంబులెన్సును ఆపేవాడి మీద జాలి అక్కర్లేదు. మా పేచీ చట్టాన్ని సగమే చదవడంతో.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షన్ ఉంది. నిషేధం ఉన్నచోట నిలిపిన బండికి తాళం వేయించే, దాన్ని తరలించే అధికారం పోలీసులకు అదే ఇస్తోంది. అదే చట్టంలో కాస్త ముందు 117వ సెక్షన్ కూడా ఉంది. స్థానిక సంస్థను సంప్రదించి, బండ్లు ఎక్కడ, ఎంతసేపు ఆపుకోవచ్చో నిర్ణయించే వీలు ప్రభుత్వానికి కల్పించింది. మొదటిది వీధివీధినా అమలవుతోంది. రెండోదాని కోసం సుల్తాన్‌బజార్ అంతా తిరిగినా బండి పెట్టుకోమని చెప్పే తెల్లగీత దొరకడం కష్టం. 'నో పార్కింగ్' బోర్డు ఉన్నా, ఏ చెట్టుకొమ్మ చాటునో.

మాల్‌కు వెళ్లేవారికి 2018 నుంచి మొదటి 30 నిమిషాల పార్కింగ్ ఉచితం. మంచి నిర్ణయమే. మరి బేగంబజార్‌లో పప్పుల బస్తా ఎత్తించుకునే చిన్న కిరాణా వ్యాపారికి ఆ అరగంట ఎవరిస్తారు?

అసలు చోటే లేదా అంటే, కాగితాల మీద ఉంది. వ్యాపార భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు సెల్లార్‌ను పార్కింగ్‌కని చూపిస్తారు. తర్వాత అందులో గోడౌన్ వెలుస్తుంది, లేకపోతే జిరాక్స్ సెంటర్. కొనడానికి వచ్చినవాడు రోడ్డున ఆపుతాడు, చలానా అతని పేరునే వస్తుంది. సెల్లార్ మింగినవారిని బల్దియా, అంటే నగరపాలక సంస్థ, ఎప్పుడో ఒక వారం హడావుడిగా పలకరించి వదిలేస్తుంది.

పైగా జరిమానాకు విలువ లేకుండా చేసింది ప్రభుత్వాలే. పేరుకుపోయిన చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 2022లో 75 శాతం, 2023 చివర్లో 80 శాతం తగ్గింపు ప్రకటించారు. ఆషాఢం సేల్ కోసం ఆగినట్టు జనం దానికోసం ఆగడం నేర్చుకున్నారు. వెంటనే కట్టినవాడే అమాయకుడయ్యాడు.

పాత బజార్లలో సరుకు ఎత్తించుకోవడానికైనా ఒక పావుగంట వెసులుబాటు ఇవ్వాలి. తాళాలు వేసే వీధిలో ముందు గీతలు గీయాలి, బోర్డులు కనబడేలా పెట్టాలి. సెల్లార్లు ఖాళీ చేయించే పని బల్దియా వారం రోజుల ముచ్చటగా వదిలేయకూడదు. ఎత్తుకెళ్లిన బండి ఏ ఠాణాలో ఉందో యజమానికి వెంటనే సందేశం పోవాలి. చలానా పంపడానికి దొరికే ఫోన్ నంబరు అందుకూ సరిపోతుంది.