జోర్డన్ లవ్‌ని మూడేళ్లు కూర్చోబెట్టడం కరెక్టేనా? మా ఇంట్లో బావా బామ్మర్దుల గోల

మా ఆయనకి విస్కాన్సిన్‌లో ఎమ్మెస్ చదివిన రోజుల నుంచి గ్రీన్ బే పాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ పిచ్చి. మా తమ్ముడు ఉండేదేమో ఫ్రిస్కోలో, డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ఊళ్ళోనే, కాబట్టి వాడి పిచ్చి వాడిది. మొన్న వాడు వచ్చినప్పుడు నేను పెసరట్లు వేస్తుంటే మొదలెట్టారు. కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని (అదే, బంతి చేతిలో పెట్టుకుని ఆట మొత్తం నడిపేవాడు) వచ్చీరాగానే దించెయ్యాలా, లేక సీనియర్ వెనకాల కొన్నాళ్ళు కూర్చోబెట్టాలా అని. విన్నది విన్నట్టు రాస్తున్నా, నేను ఎవరి పక్షమూ కాదు, అంటే కొంచెం తమ్ముడి పక్షం.

బావ: చూడు బామ్మర్దీ, 2005 డ్రాఫ్ట్‌లో (అదే, కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం) ఆరన్ రాడ్జర్స్‌ని 24వ పిక్‌లో తీసుకున్నారు, బ్రెట్ ఫార్వ్ వెనకాల మూడేళ్లు ఊరికే కూర్చున్నాడు, 2008లో దిగాడు, ఆ తర్వాత సంగతి లోకానికంతా తెలుసు. 2020లో మళ్ళీ అదే పని చేశారు, జోర్డన్ లవ్‌ని తెచ్చి రాడ్జర్స్ వెనకాల మూడేళ్లు. 2023లో దించితే 32 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం). ప్లేఆఫ్స్‌లో ఎవరింటికి వచ్చి కొట్టాడో మళ్ళీ నేను చెప్పాలా?

బామ్మర్ది: చెప్పండి బావా, చెప్పకపోతే మీకు అట్టు అరగదు.

బావ: 2024 జనవరి 14, భోగి పండగ. ఆర్లింగ్టన్‌లో, మీ సొంత స్టేడియంలో, హాఫ్ టైమ్ కూడా కాకుండానే 27-0. చివరికి 48-32. ఏడో సీడ్ టీమ్, అంటే ఆఖరి ర్యాంకుతో లోపలికొచ్చిన టీమ్, ప్లేఆఫ్ మ్యాచ్ గెలవడం అదే మొదటిసారి, పైగా ఆ ఏడు లీగ్ మొత్తంలో వయసులో చిన్న టీమ్ మాదే. ఇంట్లో పాత సామానంతా మంటలో వేసేశాం.

(ఆ రోజు మా తమ్ముడు నాకు ఫోన్ చేసి హ్యాపీ భోగి కూడా చెప్పలేదు.)

బామ్మర్ది: సరే, కుర్రాడు బాగా ఆడాడు, నేను కాదన్లేదు. కానీ కూర్చోబెట్టినందుకే బాగా ఆడాడంటే ఒప్పుకోను. ఆ సీజన్లో మొదటి 7 మ్యాచ్‌ల్లో మీవాళ్ళు గెలిచింది 2, అప్పుడు మీరు లవ్‌ని ఏమని తిట్టారో అక్కని అడగండి. చివరి 8 మ్యాచ్‌ల్లోనేమో 18 టచ్‌డౌన్లు, ఒకే ఒక్క ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతిని అవతలివాళ్ళు పట్టేయడం). మూడేళ్ల చదువే పనిచేసుంటే సెప్టెంబర్ నుంచే కనపడాలిగా, గ్రౌండ్‌లోకి దిగి, ఓడిపోయి, తిట్లు తిన్నాక కదా వచ్చింది ఆట.

బావ: మొదటి మ్యాచ్‌లోనే షికాగో బేర్స్ మీద 38 పాయింట్లు, అది మర్చిపోయావా. ఇంకోటి, వాడు కూర్చున్నది గోళ్ళు గిల్లుకుంటూ కాదురా. 2022లో టామ్ క్లెమెంట్స్‌ని, అదే రాడ్జర్స్‌కి కుర్రతనంలో కోచింగ్ ఇచ్చినాయన్ని, మళ్ళీ పిలిపించారు. కాళ్ళు ఎక్కడ పడాలి, బంతి ఎప్పుడు వదలాలి, అంతా మొదట్నుంచీ. 2021లో రాడ్జర్స్‌కి కోవిడ్ వస్తే కాన్సాస్ సిటీలో మొదటిసారి మ్యాచ్ మొదట్నుంచీ ఆడాడు చూడు, 13-7 ఓటమి, బెదిరిపోయి ఆడాడు. అప్పుడే వాణ్ణి ప్రతి వారం దించేసుంటే ఈ పాటికి వేరే ఊళ్ళో బ్యాకప్‌గా ఉండేవాడు.

బామ్మర్ది: బావా, అసలు బ్యాకప్‌కి ప్రాక్టీస్ ఎంత దొరుకుతుందో తెలుసా మీకు? 2011 ఒప్పందం తర్వాత సీజన్ మొత్తం మీద ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14 మాత్రమే. అందులో మెయిన్ క్వార్టర్‌బ్యాక్ ఎవరో వాడే దాదాపు అన్నీ ఆడతాడు. బ్యాకప్ ఏం చేస్తాడంటే వచ్చే ఆదివారం ఎదురయ్యే టీమ్‌లాగా నటిస్తాడు, వాళ్ళ ప్లేలు కార్డు మీద చూసి ఆడతాడు, మన డిఫెన్స్‌కి అలవాటు కావడానికి. అంటే లవ్ మూడేళ్లు పక్కింటి వంట చేశాడు. దానికి మీరు గురుకులం అని పేరు పెట్టారు. 2020లో అయితే ప్రీసీజన్ మ్యాచ్‌లే లేవు, వాడు మ్యాచ్ డ్రెస్ కూడా వేసుకోలేదు, మూడో నంబర్.

బావ: దానికి కరోనా కదా...

బామ్మర్ది: ఆగండి, అయిపోలేదు. వాడి కోసం డ్రాఫ్ట్ వరసలో 30 నుంచి 26కి ఎక్కడానికి మయామీకి నాలుగో రౌండ్ పిక్ ఎదురిచ్చారు. ఆ ఏడే మీవాళ్ళు 13 గెలిచి, సూపర్ బౌల్‌కి, అదే ఫైనల్‌కి, ఒక్క మెట్టు కింద సొంత గ్రౌండ్‌లో టాంపా చేతిలో 31-26తో పోయారు. ఆ పిక్‌తో ఒక మంచి రిసీవర్ని, అదే విసిరిన బంతి పట్టేవాణ్ణి, తెచ్చుంటే? పైగా కుర్రాడి మొదటి కాంట్రాక్ట్ నాలుగేళ్లే, అవి చవక ఏళ్ళు, అందులో మూడు బెంచీకి పోశారు. వాడు ఒక్క ఏడాది ఆడగానే 4 ఏళ్ళకి 22 కోట్ల డాలర్లు రాసివ్వాల్సొచ్చింది. మా డాక్ ప్రెస్కాట్‌ని చూడండి, 2016లో నాలుగో రౌండ్, 135వ పిక్, మా సీనియర్ క్వార్టర్‌బ్యాక్ రోమోకి నడుం దెబ్బ తగిలితే గతిలేక దించారు, 13 గెలుపులు, 3 ఓటములు.

బావ: ఆ 13-3 ఎక్కడ ఆగిందో కూడా చెప్పు.

బామ్మర్ది: ...

బావ: నేను చెప్తా. 2017 జనవరి 15, కనుమ రోజు, మళ్ళీ మీ ఇంట్లోనే, 34-31. చివరి సెకన్లో 51 గజాల నుంచి తన్నింది ఎవరు? మా కిక్కర్ మేసన్ క్రాస్బీ. అదే క్రాస్బీ 2012లో 33 తంతే 21 మాత్రమే పడ్డాయి, వేరే టీమ్ అయితే మర్నాడే పెట్టె సర్దించేది, మావాళ్ళు ఉంచారు, మరుసటేడు 37కి 33. ఓపిక అంటే అదీ. ఓపిక లేకపోతే ఏమవుతుందో కరోలినాని అడుగు. 2023లో బ్రైస్ యంగ్‌ని మొదటి పిక్‌లో తెచ్చి నేరుగా దించారు, ఆ ఏడాది 62 సార్లు వాణ్ణి కింద పడేశారు, కోచ్‌ని సీజన్ మధ్యలో పంపించేశారు, టీమ్ గెలిచింది 2 మ్యాచ్‌లు. మరుసటేడు రెండు మ్యాచ్‌లవగానే బెంచీ ఎక్కించారు, కొన్ని వారాలు పక్కన కూర్చుని చూసి వచ్చాకే మనిషయ్యాడు.

బామ్మర్ది: ఆ ఏడే రెండో పిక్ స్ట్రౌడ్‌ని హ్యూస్టన్ వాళ్ళూ నేరుగానే దించారు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు. తేడా దించడంలో లేదు బావా, ముందు నిలబడి కాచేవాళ్ళలో ఉంది. మీ టీమే తీసుకోండి, బంతి పట్టే కుర్రాళ్ళు జేడెన్ రీడ్, విక్స్, టక్కర్ క్రాఫ్ట్, వీళ్ళందర్నీ ఎవరి వెనకాల కూర్చోబెట్టారు? వచ్చిన ఏడాదే ఆడించారు. మీకు ఓపిక క్వార్టర్‌బ్యాక్ ఒక్కడి దగ్గరే గుర్తొస్తుంది. ఇక ఆ క్రాస్బీ గారిని 2023లో వద్దనుకుని ఎవర్ని తెచ్చారు? ఆండర్స్ కార్ల్‌సన్ అనే కుర్రాణ్ణి. సీజనంతా తప్పుతూనే ఉన్నాడు, మీరు ఓపిక పడుతూనే ఉన్నారు. మమ్మల్ని కొట్టిన తర్వాతి ప్లేఆఫ్ మ్యాచ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగో క్వార్టర్, 41 గజాలు...

(ఇక్కడ మా ఆయన పెసరట్టు పక్కన పెట్టేశారు. ఆ కిక్ బయటికి పోయినప్పుడు ఈయన మోకాళ్ళ మీద ఉన్నారు, టీవీ ముందు. పాకర్స్ 24-21తో ఓడిపోయారు. కార్ల్‌సన్‌ని ఆ ఆగస్టులో తీసేశారు.)

బావ: కిక్ తర్వాత కూడా టైముంది. లవ్ పరిగెడుతూ ఒంటికి అడ్డంగా మధ్యలోకి విసిరాడు, అవతలి టీమ్ గ్రీన్‌లా పట్టేశాడు. రాడ్జర్స్ అయితే ఆ బంతి బయటికి పారేసేవాడు.

బామ్మర్ది: మూడేళ్లు ఆయన పక్కనే కూర్చున్నాడుగా మరి, చెప్పలేదా?

బావ: నోర్ముయ్యరా. మీవాళ్ళు ఆ కుర్ర క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ని ఎందుకు తెచ్చారు అసలు? నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి మరీ తెచ్చి డాక్ వెనకాల కూర్చోబెట్టారుగా, మా పద్ధతేగా!

బామ్మర్ది: అవును, కూర్చోబెట్టారు. రెండేళ్లలో మొదట్నుంచీ ఆడించింది ఒక్క మ్యాచ్, అదీ సీజన్లో ఆఖరిది. తర్వాత ఛార్జర్స్ టీమ్‌కి వెళ్ళిపోయాడు.

బావ: వాడికి మీ దగ్గర మంచి గురువు దొరకలేదు.

బామ్మర్ది: అక్కా, ఈయనకి ఇంకో అట్టు వెయ్యవే, ఆ శాన్‌ఫ్రాన్సిస్కో మ్యాచ్ వీడియో పెట్టుకుని చూద్దాం, ఎవరి కాలు ఎక్కడ పడిందో.

చూశారు కూడా. ఆ ఒక్క ఇంటర్‌సెప్షన్ని పదకొండు సార్లు వెనక్కి తిప్పి చూశారు, నేను లెక్కపెట్టా, ప్రతిసారీ మా ఆయన "పారెయ్ రా, పారెయ్" అంటూనే ఉన్నారు.