సవరణ: ఆఫీసు కంప్యూటర్ ఐబీఎంతో మొదలవలేదు

వ్యాపారం కోసం తయారైన మొదటి మైక్రోకంప్యూటర్ (బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్) 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీయే అని నిన్న రాశాను. అది తప్పు, క్షమించండి. రేడియో షాక్ దుకాణాలు నడిపిన టాండీ కంపెనీ 1979లోనే టీఆర్ఎస్-80 మోడల్ 2ను ఆఫీసుల కోసమే తెచ్చింది. జెడ్80 ప్రాసెసర్, వరుసకు 80 అక్షరాలు చూపే తెర, పెట్టెలోనే 8 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్, అంటే సమాచారం దాచుకునే పల్చటి డిస్కును తిప్పి, కావాల్సిన చోటికి నేరుగా వెళ్లి చదివే పరికరం. ఆ ఫ్లాపీయే అసలు సంగతి, ఎందుకంటే అంతకుముందు టాండీ అమ్మిన మోడల్ 1లో చాలామంది క్యాసెట్ టేపుతోనే సరిపెట్టుకునేవారు, జీతాల లెక్కల్లో ఒక్క పేరు కావాలన్నా టేపు తిప్పుకుంటూ పోవాల్సిందే, గుమాస్తాకు అంత తీరిక ఎక్కడుంటుంది! అదే ఏడాది ఆపిల్ 2 కంప్యూటర్ మీద లెక్కల పట్టికలు వేసే విసికాల్క్ ప్రోగ్రామ్ కూడా వచ్చింది.

ఐబీఎం పీసీ ధర 1,565 డాలర్లని నిన్న రాసింది నిజమే, కానీ అది 16 కేబీ మెమరీతో, ఫ్లాపీ డ్రైవ్, తెర లేకుండా. ఆ మాట నిన్నే రాయాల్సింది.